గడువు కదలని ప్రాజెక్టుకి టీమ్ కెపాసిటీ లెక్క: తరచుగా అడిగే ప్రశ్నలు

దక్షిణ ఒడిశాలో బరంపురం, పర్లాకిమిడి, రాయగడ, జయపురం వైపు నలుగురైదుగురితో నడిచే సాఫ్ట్‌వేర్ టీముల నుంచి ఇవే సందేహాలు మళ్లీ మళ్లీ వస్తున్నాయి. అందుకే ఒకచోట పెట్టాం. ఏ ప్రశ్న అవసరమైతే నేరుగా అక్కడికే వెళ్లి చదువుకోవచ్చు.

## తేదీ చెప్పేశారు, లెక్క ఇంకా మొదలవలేదు

దుకాణానికి బిల్లుల సాఫ్ట్‌వేర్ చేయించుకుంటున్న షావుకారు ఏప్రిల్ 1 అన్నాడు, అది కదలదు. ఇలాంటి చోట అజైల్ (పనిని చిన్న చిన్న విడతలుగా చేస్తూ, ఎప్పటికప్పుడు సర్దుకునే పద్ధతి) కుదురుతుందా?

గడువు కదలని చోటే దాని అవసరం ఎక్కువ. కొత్త ఆర్థిక సంవత్సరం బిల్లులు ఏప్రిల్ 1న మొదలవ్వాలి. వారం ఆలస్యమైతే ఆయన పాత పద్ధతిలోనే బిల్లులు కొట్టేస్తాడు, మధ్యలో నంబర్ల వరుస మార్చడానికి ఒప్పుకోడు. తేదీ ఖాయం, మనుషులూ ఖాయం అయినప్పుడు సర్దుబాటుకు మిగిలేది పని పరిమాణం ఒక్కటే. కాబట్టి "ఈ పనికి ఎన్ని రోజులు పడుతుంది" అన్న ప్రశ్న వదిలేసి, "ఉన్న రోజుల్లో ఎంత పని పడుతుంది" అని మొదలుపెట్టండి. టెస్టింగ్ తగ్గించి అంతా ఇరికిద్దామనే ఆలోచన వద్దు. అలా మిగిల్చిన రోజులు ఏప్రిల్ మొదటి వారంలోనే ఫోన్ల మీద ఖర్చయిపోతాయి.

కెపాసిటీ, వెలాసిటీ రెండూ ఒకటేనా?

కాదు. రాబోయే స్ప్రింట్‌లో (కొన్ని వారాల పని విడతలో) మీవాళ్ల దగ్గర ఎన్ని పనిదినాలు ఉన్నాయో చెప్పేది కెపాసిటీ. జరిగిపోయిన స్ప్రింట్లలో ఒక్కోదాంట్లో ఎన్ని పాయింట్ల (పని ఎంత పెద్దదో చెప్పడానికి టీమ్ వేసుకునే అంకెలు) పని పూర్తిగా ముగిసిందో చెప్పేది వెలాసిటీ. "తొంభై శాతం అయిపోయింది" అన్న పని వెలాసిటీలో సున్నా కిందే లెక్క.

స్ప్రింట్ ఎన్ని వారాలు పెట్టుకోవాలి?

అజైల్‌లో ఎక్కువమంది వాడే స్క్రమ్ పద్ధతి ప్రకారం నెలకు మించకూడదు. మూడు నెలల గడువుకు రెండు వారాలు బాగుంటుంది, ఎందుకంటే ఆరుసార్లు కొలుచుకునే వీలు దొరుకుతుంది. నెల స్ప్రింట్ పెట్టుకుంటే మొదటిది దెబ్బతిన్న సంగతి తెలిసేసరికి గడువులో మూడో వంతు పోతుంది. ఉన్నదే ఆరు వారాలైతే వారం స్ప్రింట్లు పెట్టండి.

పనేంటో పూర్తిగా తెలియకుండా అంచనా ఎలా చెప్తాం?

కచ్చితంగా చెప్పలేరు, చెప్పకూడదు కూడా. ప్రాజెక్టు మొదట్లో వేసే అంచనా అసలు పనిలో నాలుగో వంతు దాకా తగ్గవచ్చని, నాలుగింతల దాకా పెరగవచ్చని సాఫ్ట్‌వేర్ ఇంజినీరింగ్ నిపుణుడు బ్యారీ బోమ్ 1981లోనే లెక్కగీసి చూపించాడు. మొదటి రోజు ప్రతి పనినీ చిన్న, మధ్య, పెద్ద అని మూడు కుప్పలు చేయండి, చాలు. రెండు స్ప్రింట్లు నడిచాక నిజమైన అంకెలతో మళ్లీ లెక్క కట్టండి, ఆ లెక్క ఏ తేదీకి ఇస్తారో క్లయింట్‌కు ముందే చెప్పి ఉంచండి. "ఫిబ్రవరి మొదటి వారంలో పక్కా లిస్టు ఇస్తాం" అనడం పరువు తక్కువేమీ కాదు.

## రోజులు లెక్కపెట్టడం

ఐదుగురం ఉన్నాం, 12 వారాలుంది. అంటే 300 రోజుల పని చేయగలం కదా?

సగం చేయగలరు. ఎలాగో చూడండి.

5 మంది × 12 వారాలు × 5 రోజులు = 300. చివరి స్ప్రింట్ రెండు వారాలు కొత్త పనికి ఇవ్వకూడదు. డేటా ఎక్కించడం, దుకాణంలో ఇన్‌స్టాల్ చేయడం, తప్పులు దిద్దడం అప్పుడే జరగాలి. కాబట్టి 50 తీసేస్తే 250.

అందరికీ వచ్చే సెలవులు మూడు అనుకుంటే 15 పోతాయి. సంక్రాంతికి ముగ్గురు ఊరెళ్లి రెండేసి రోజులు అదనంగా ఉంటారు, 6. ఒకరింట్లో పెళ్లి, 5. జ్వరాలు, ఆసుపత్రి పనులు తలా రెండు రోజులు, 10. మొత్తం 36 పోగా 214.

ఇక రోజంతా కోడ్ రాయరు. మీటింగులు, పాత క్లయింట్ల ఫోన్లు పోను రోజులో 70 శాతం మిగులుతుంది. 214లో 70 శాతమంటే సుమారు 150. క్లయింట్ ముందు ఒప్పుకోవాల్సింది ఈ 150 చూసుకునే. సెలవుల అంకెలు మీ టీమ్‌వి వేసుకుంటే కొంచెం అటూ ఇటూ అవుతుంది గానీ, 200 దాటిందంటే ఏదో మర్చిపోయారన్నమాట.

రోజుకి ఎనిమిది గంటలు కూర్చుంటాం. అందులో 70 శాతమే, అంటే పని గంటలు ఆరుకి మించవంటే నమ్మేదెలా?

రెండు వారాల స్ప్రింట్‌లో ఒక్కో మనిషికి 80 గంటలు. నెల స్ప్రింట్‌కు స్క్రమ్ గైడ్ పెట్టిన గరిష్ఠ పరిమితి ప్లానింగ్‌కు 8 గంటలు, రివ్యూకు (చేసిన పని చూపించడం) 4, రెట్రోస్పెక్టివ్‌కు (పని తీరు గురించి మాట్లాడుకోవడం) 3. రెండు వారాలకు అందులో సగం వేసుకుంటే 4, 2, ఒకటిన్నర. రోజూ 15 నిమిషాల డైలీ స్క్రమ్ మీటింగ్ పది రోజులకు రెండున్నర గంటలు. రాబోయే పనుల్ని విడగొట్టుకోవడానికి ఇంకో రెండు. కలిపి 12. మిగిలిన 68 గంటల్లో పాత క్లయింట్ల ఫోన్లకు రోజుకో గంట తీస్తే 58, అంటే రోజుకు 5.8. ఇంకా టీ లెక్కలోకే రాలేదు.

మా టీమ్‌లో తెలుగువాళ్లు, ఒడియావాళ్లు కలిసి ఉన్నారు. సెలవులు ఎలా వేసుకోవాలి?

ఆఫీసు గోడ మీది సెలవుల లిస్టు నమ్ముకుంటే లెక్క తప్పుతుంది. ఎవరు ఏ పండక్కి నిజంగా పని మానేస్తారో మనిషి వారీగా రాసుకోవాలి.

జనవరిలో సంక్రాంతి వస్తే తెలుగువాళ్లు ఒక్కరోజుతో ఆగరు. భోగి నుంచి ముక్కనుమ దాకా ఖాళీ అనుకోండి. టెక్కలి, పలాస, శ్రీకాకుళం వైపు వెళ్లేవాళ్లకు తిరుగు రైల్లో సీటు దొరకడం కూడా ఒక లెక్కే. జూన్ మధ్యలో మూడు రోజుల రజ పండగకి ఒడియావాళ్లు వెళ్తారు. ఆ రోజుల్లో తెలుగువాళ్లు సీట్లో ఉన్నా, వాళ్ల కోడ్ చూసి సరే అనాల్సిన మనిషి లేకపోతే పని ముందుకు కదలదు. పశ్చిమ ఒడిశా నుంచి వచ్చినవాళ్లకు కొత్త పంట పండగ నువాఖాయ్ ముఖ్యం, బరంపురం వాళ్లకు అదంత పట్టదు. రథయాత్ర, దసరా అందరివీ. బరంపురంలో రెండేళ్లకోసారి చైత్రంలో ఠాకురాణీ యాత్ర జరిగే రోజుల్లో సాయంత్రం ఏడింటికి మీటింగ్ పెడితే ఎవరూ రారు. విశాఖ నుంచి రిమోట్‌గా పనిచేసేవాళ్లకు ఆంధ్ర సెలవులు వేరే.

ఏప్రిల్ 1 గడువు పెట్టుకునేవాళ్లు ఇంకో సంగతి గుర్తుంచుకోవాలి. 1936లో ఒడిశా ఏర్పడింది ఆ రోజునే. ఉత్కళ దినోత్సవమని రాష్ట్ర ప్రభుత్వ సెలవు. బ్యాంకులు కూడా వార్షిక లెక్కల ముగింపుకి ఆ రోజు జనానికి తలుపులు తెరవవు. ప్రభుత్వ కార్యాలయంతోనో బ్యాంకుతోనో ముడిపడిన పరీక్షలేవైనా ఉంటే మార్చి మూడో వారానికే ముగించాలి.

అక్టోబర్‌లో గడువు ఉంది. తుపాను వస్తే అన్న భయాన్ని అంకెల్లో ఎలా పెడతాం?

ఈ తీరంలో అది ఊహించుకున్న భయం కాదు. ఫైలిన్ 2013 అక్టోబర్ 12న గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటింది. హుద్‌హుద్ 2014 అక్టోబర్ 12న విశాఖ మీద పడింది. తిత్లీ 2018 అక్టోబర్ 11న పలాస దగ్గర తీరం దాటి గజపతి జిల్లా కొండల దాకా ముంచేసింది. ఇలాంటివి వచ్చాక కరెంటు, నెట్‌వర్క్ రోజుల తరబడి ఉండవు, మనుషులు ఇంటి పనుల్లో పడతారు.

అక్టోబర్, నవంబర్ గడువుంటే టీమ్ మొత్తానికి నాలుగైదు పనిదినాలు పక్కన పెట్టండి. ఐదుగురి టీమ్‌కు 20 నుంచి 25 మనిషి-రోజులు అవుతుంది. వాటిని ఒక్కో పని అంచనాలో కొంచెం కొంచెంగా కలిపితే ఎవరికీ కనపడకుండా కరిగిపోతాయి. చివర్లో విడిగా, పేరు పెట్టి ఉంచండి. తుపాను రాకపోతే క్లయింట్ అడిగిన అదనపు పనులకు పనికొస్తాయి. కోడ్ ఏ రోజుకారోజు క్లౌడ్‌లోకి వెళ్లాలి. ఆఫీసు మూలన ఉన్న ఒకే సర్వర్ మీద ఆధారపడితే ఎన్ని రోజులు పక్కన పెట్టినా చాలవు.

ఒకమ్మాయి రెండు ప్రాజెక్టుల్లో ఉంది. ఆమెను సగంగా వేసుకోవచ్చా?

సగం కాదు, ఐదింట రెండు వంతులు వేయండి. ఒక పని వదిలి ఇంకోదాంట్లోకి వెళ్లి మళ్లీ అందుకోవడానికి పట్టే సమయం ఎవరి ఖాతాలోనూ పడదు. మీటింగులు కూడా రెండింటివీ ఆమెకే. వీలైతే రోజులో సగం అని కాకుండా వారంలో రెండు రోజులు పూర్తిగా మీకే అని మాట్లాడుకోండి.

డెవలపర్లు నలుగురు, టెస్టర్ ఒక్కరే. మొత్తం రోజులు కూడితే సరిపోతుందా?

సరిపోదు. మొత్తం అంకె చూసి మోసపోయేది ఇక్కడే. నలుగురూ కలిసి స్ప్రింట్‌కు 9 పనులు తయారుచేస్తారు అనుకుందాం. ఒక్కో పని పరీక్షించడానికి టెస్టర్‌కు ఒకటిన్నర రోజు. ఆయన దగ్గరున్నది 9 రోజులు, అంటే ఆరే అవుతాయి. టీమ్ కెపాసిటీ 9 కాదు, 6. మూడు స్ప్రింట్లు ఇలా నడిస్తే 9 పనులు టెస్టింగ్ గుమ్మం దగ్గర పేరుకుపోతాయి, బోర్డు మీద మాత్రం అంతా బాగున్నట్టే కనిపిస్తుంది.

ఏడో పని మొదలుపెట్టే బదులు డెవలపర్లు ఒకరి పని ఒకరు పరీక్షించాలి. కోడ్ రాయకముందే ఏమేం పరీక్షించాలో టెస్టర్‌తో రాయించండి, సగం తప్పులు అక్కడే దొరుకుతాయి. డిజైనర్, డేటాబేస్ మనిషి ఒక్కరే ఉన్న చోట కూడా ఇదే లెక్క.

కొత్త కుర్రాడు చేరాడు. అతన్ని ఎంత కింద వేయాలి?

మొదటి స్ప్రింట్‌లో సున్నా, రెండోదాంట్లో సగం. అతనికి నేర్పించే సీనియర్ రోజుల్లోంచి మొదటి స్ప్రింట్‌లో పావు వంతు తీసేయండి. ఈ రెండోది అందరూ మర్చిపోతారు.

## అంచనా వేసి మాట ఇవ్వడం

స్టోరీ పాయింట్లు వేయాలా, గంటలు వేయాలా?

మొత్తం ప్రాజెక్టు చూసేటప్పుడు పాయింట్లు, రాబోయే స్ప్రింట్‌లో ఎవరి చేతిలో ఏముందో చూసుకునేటప్పుడు గంటలు. ఒక పాయింటుకి ఇన్ని గంటలని శాశ్వతంగా ముడి వేయకండి.

ప్లానింగ్ పోకర్‌లో సీనియర్ చెప్పిన అంకెకే అందరూ తలూపుతున్నారు. ఏం చేయాలి?

ప్లానింగ్ పోకర్ అంటే ఒక్కొక్కరూ తమ అంచనా అంకెను కార్డు మీద చూపించడం. కార్డులన్నీ ఒక్కసారే తిప్పాలి. జేమ్స్ గ్రెనింగ్ 2002లో ఈ పద్ధతి రాసినప్పటి నుంచీ కీలకం అదే. ఒకరి అంకె ఇంకొకరి మీద పడకూడదు. అందరికంటే తక్కువ, అందరికంటే ఎక్కువ వేసినవాళ్లు ముందు మాట్లాడాలి, సీనియర్ చివర.

"బిల్లు ప్రింట్" అనే పనికి ఒకరు 3, ఇంకొకరు 13 వేశారనుకోండి. 3 వేసినాయన ఇంగ్లీషు బిల్లు తలచుకున్నాడు. 13 వేసినామెకు తెలిసిందేమిటంటే, ఇక్కడి దుకాణాలకు ఒడియా, తెలుగు రెండూ కావాలి, చవక థర్మల్ ప్రింటర్లలో ఆ అక్షరాలు ఉండవు, బిల్లును బొమ్మగా మార్చి పంపాలి, అలా పంపితే ప్రింట్ నెమ్మదిస్తుంది, వత్తులు తెగిపోకుండా చూసుకోవాలి. సగటు తీసి 8 వేసేస్తే ఈ సమాచారమంతా పోతుంది. మాట్లాడాక మళ్లీ కార్డులు వేయండి.

మాకు పాత వెలాసిటీ ఏమీ లేదు. మొదటి స్ప్రింట్‌కి ఎంత తీసుకోవాలి?

మూడు అంచనాలతో మొదలుపెట్టండి. ఒక పని అన్నీ కలిసొస్తే 3 రోజులు, మామూలుగా 5, చెడితే 13 అనుకుందాం. మధ్యదాన్ని నాలుగింతలు చేసి మిగతా రెండూ కలిపి ఆరుతో భాగిస్తే 6 రోజులు. అమెరికా నౌకాదళం 1950లలో పోలారిస్ క్షిపణి పనికి వాడిన పెర్ట్ సూత్రం ఇదే. ఇలా కట్టిన రోజులతో మీ కెపాసిటీలో మూడింట రెండు వంతులు మాత్రమే నింపండి. మొదటి స్ప్రింట్‌లో సర్వర్లు, లాగిన్లు, లైసెన్సుల గొడవలే చాలా తినేస్తాయి.

వెలాసిటీ ఒక్కో స్ప్రింట్‌కి ఒక్కోలా వస్తోంది. ఏ అంకె పట్టుకోవాలి?

గత ఆరు స్ప్రింట్లు 21, 26, 18, 24, 22, 15 అనుకుందాం. సగటు 21. తక్కువ మూడింటి సగటు 18, ఎక్కువ మూడింటి సగటు 24. ఇంకా ఐదు స్ప్రింట్లుంటే 90 నుంచి 120 మధ్య పడుతుంది. 90 దాకా మాట ఇవ్వొచ్చు, 105 దాకా ఆశ పెట్టుకోవచ్చు, 120 గురించి క్లయింట్ ముందు ఎత్తకండి. 15 వచ్చింది దసరా స్ప్రింట్ కదా అని తీసేయొద్దు. ముందున్న నెలల్లోనూ ఏదో ఒకటి వస్తుంది.

ఇంకొంచెం గట్టి లెక్క కావాలంటే స్ప్రెడ్‌షీట్ చాలు. ఆ ఆరు అంకెల్లోంచి యాదృచ్ఛికంగా ఐదు తీసి కూడండి, తీసిన అంకె మళ్లీ రావచ్చు. అలా 1000 వరుసలు చేసి చిన్నదాని నుంచి పెద్దదాకా పేర్చండి. 150వ వరుసలో ఉన్న మొత్తాన్ని పట్టుకుంటే, అంత పని అయినా అవుతుందని 85 శాతం నమ్మకంతో చెప్పొచ్చు. దీన్నే మాంటే కార్లో అంటారు.

వెలాసిటీని మళ్లీ 70 శాతంతో గుణించాలా?

వద్దు. మీటింగులు, ఫోన్లు, మామూలు జ్వరాలు అన్నీ జరిగాకే ఆ వెలాసిటీ వచ్చింది. మళ్లీ తగ్గిస్తే ఒకే కోత రెండుసార్లు పెట్టినట్టు. హాజరు మామూలు కంటే తేడాగా ఉన్నప్పుడు మాత్రం సర్దండి. మామూలుగా 45 మనిషి-రోజులుండే స్ప్రింట్‌లో 21 పాయింట్లు వస్తున్నాయి, సంక్రాంతి స్ప్రింట్‌లో 30 రోజులే ఉన్నాయి అంటే 14 పాయింట్లు వేసుకోండి.

షావుకారికి "90 నుంచి 120" అంటే నచ్చదు. ఒక్క అంకె చెప్పమంటాడు.

ఆయనకు పాయింట్లు చెప్పకండి, పనుల జాబితా చూపించండి. దాని మధ్యలో ఒక గీత గీసి, "ఈ గీత పైనున్నవి ఏప్రిల్ 1కి ఖాయం. కిందివి వీలైతే వస్తాయి, లేకపోతే మే నెలలో" అని చెప్పండి. తప్పనిసరి, ముఖ్యం, ఉంటే మంచిది, ఈసారికి వద్దు అని నాలుగు భాగాలు చేసే మాస్కో పద్ధతి దీనికి సరిపోతుంది. తప్పనిసరి భాగం మొత్తం శ్రమలో 60 శాతం దాటకూడదు. అన్నీ తప్పనిసరే అని ఆయన పట్టుబడితే, "ఏప్రిల్ 1 పొద్దున ఇది లేకపోతే షాపు మూసేస్తారా?" అని ఒక్కోదాని గురించి అడగండి. జీఎస్‌టీ బిల్లు లేకపోతే మూసేయాల్సిందే. రంగుల గ్రాఫు లేకపోతే ఎవరూ మూయరు.

## పని నడుస్తుండగా

మూడో స్ప్రింట్‌కే వెనకబడ్డాం. భువనేశ్వర్ నుంచి ఇద్దర్ని తీసుకుంటే అందుకుంటామా?

చాలావరకు ఇంకా వెనకబడతారు. ఆలస్యమైన సాఫ్ట్‌వేర్ ప్రాజెక్టుకి మనుషుల్ని కలిపితే ఇంకా ఆలస్యమవుతుందని ఫ్రెడ్ బ్రూక్స్ 1975లో చెప్పింది ఇప్పటికీ చెల్లుతోంది. ఐదుగురి మధ్య మాట్లాడుకునే జతలు 10, ఏడుగురైతే 21. కొత్తవాళ్లకు చెప్పాల్సింది కూడా ఇప్పటికే వెనకబడ్డ పాతవాళ్లే. గడువుకి ఎనిమిది వారాలకు పైగా ఉండి, విడిగా చేయగల పని (డేటా ఎక్కించడం, టెస్టింగ్, వాడకం వీడియోలు) ఉంటే తీసుకోండి. లేదంటే పని తగ్గించడమే దారి.

ఆదివారాలు కూడా కూర్చుంటే?

ఒక వారం పనికొస్తుంది. మూడో ఆదివారానికి తప్పులు పెరుగుతాయి, సోమవారం వాటిని దిద్దుకోవడంతో సరి. దాచుకుని చివరి స్ప్రింట్‌లో ఒక్కసారి వాడుకోండి. ముందే కెపాసిటీ లెక్కలో కలపడం మాత్రం తప్పు.

మధ్యలో షావుకారు కొత్త పనులు చెప్తూనే ఉన్నాడు. కాదంటే కోపం వస్తుంది.

కాదనకండి. "తప్పకుండా సర్, ఇది 5 పాయింట్లు, గీత పైనున్న వాటిలో ఏ 5 పాయింట్లు కిందికి దించమంటారు?" అని అడగండి. జాబితా ఆయన ముందే ఉండాలి, ఎంపిక ఆయనే చేయాలి. ఫోన్లో ఒప్పుకున్నదాన్ని అదే రోజు వాట్సాప్‌లో రాసి పంపండి. నడుస్తున్న స్ప్రింట్‌ని కదపకుండా తర్వాతి దాంట్లో పెట్టండి.

అన్నీ మొదలయ్యాయి, ఏదీ పూర్తవడం లేదు. కెపాసిటీ లెక్క తప్పిందా?

లెక్క సరిగ్గానే ఉండొచ్చు. ఒకేసారి పట్టుకున్న పనులు ఎక్కువయ్యాయి. జాన్ లిటిల్ 1961లో నిరూపించిన సూత్రం చూడండి. చేతిలో 12 పనులుండి వారానికి 4 ముగుస్తుంటే ఒక్కో పని సగటున మూడు వారాలు పడుతుంది. అదే వేగంతో చేతిలో 6 మాత్రమే ఉంచితే వారంన్నర. ఐదుగురికి ఒకేసారి ఐదారు పనులు మించనీయకండి. చేతి పని ముగిసినవాళ్లు కొత్తది తీసే ముందు పక్కవాళ్లది ముగించాలి.

## చివరి వారాలు

చివరి స్ప్రింట్‌ని కొత్త పని లేకుండా వదిలేస్తే వృథా కాదా?

ఆ రెండు వారాలు ఖాళీగా ఉండవు. పాత లెక్కల డేటా కనీసం రెండుసార్లు ఎక్కించి చూడాలి. మొదటిసారి పేర్లలోని ఒడియా, తెలుగు అక్షరాలు చెడిపోవడమో, బాకీలు కలవకపోవడమో జరుగుతుంది. దుకాణం గుమాస్తాలకు నేర్పించాలి. జయపురంలో ఒక బ్రాంచి ఉంటే బరంపురం నుంచి వెళ్లి, పని చూసి, తిరిగి వచ్చేసరికి ఒక మనిషికి మూడు పనిదినాలు పోతాయి. రాయగడకూ ఒకరు వెళ్లాలంటే ఆ రోజులు కూడా వేయండి. ఒకే ట్రిప్పులో రెండూ ముగిద్దామనుకుంటే ఘాట్ రోడ్డు, దారిలో పోయే గంటలు చూసి నిర్ణయించుకోండి.

వాడి చూసి చెప్పమంటే షావుకారికి ఖాళీ ఉండడం లేదు. మా రోజులు దండగవుతున్నాయి.

క్లయింట్ సమయం కూడా కెపాసిటీయే. మొదట్లోనే రాసుకోండి. ప్రతి స్ప్రింట్ చివర ఆయనో, ఆయన తరఫున నిర్ణయం చెప్పగల పెద్ద గుమాస్తానో గంటసేపు కావాలి. మార్చి ఆఖర్లో వ్యాపారులు లెక్కల ముగింపులో తలమునకలై ఉంటారు, పట్టుచీరల దుకాణాలకు పెళ్లిళ్ల సీజన్లో ఊపిరాడదు. కాబట్టి అసలు పరీక్ష మార్చి మొదటి పక్షంలోనే పెట్టండి. షాపు తెరిచే ముందు అరగంట అడిగితే ఒప్పుకుంటారు, సాయంత్రం బేరం వేళ అడిగితే ఒప్పుకోరు.

గడువు ఇంకో వారమే ఉంది, అన్నీ అవ్వవని తేలిపోయింది. ఇప్పుడేం చేయాలి?

తెలిసిన రోజే చెప్పండి. చెప్పేటప్పుడు మూడు విషయాలు చేతిలో ఉండాలి. 1వ తేదీ పొద్దున ఏవి పనిచేస్తాయి, ఏవి రావు, రానివాటికి అప్పటిదాకా చేత్తో చేసుకునే దారి ఏంటి. నెలాఖరు రిపోర్ట్ రాకపోతే పెద్దగా నష్టం లేదు. ఏప్రిల్ నెల జీఎస్‌టీ రిటర్న్ (జీఎస్‌టీఆర్-3బీ) గడువు మామూలుగా మే 20, కాబట్టి దానికి కావాల్సిన లెక్క మే మొదటి వారంలో ఇచ్చినా సరిపోతుంది. సగం రాసిన కోడ్‌ని అలాగే ఎక్కించకండి, ఆ బటన్ తెర మీద కనపడకుండా దాచేయండి. మార్చి 29 తర్వాత కొత్త మార్పులు ఆపేసి, బిల్లు కొట్టడం, ప్రింట్, బ్యాకప్ ఈ మూడింటినీ ప్రతి బ్రాంచిలో పరీక్షించండి. పాత సాఫ్ట్‌వేర్ ఉన్న కంప్యూటర్‌ని ఏప్రిల్ నెలంతా తీసేయొద్దు.